నెట్టుకునే పరమాణువులు, పెళ్ళిళ్ళ పేరయ్య

హామిల్టన్ అనగానే కెనడాలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఉక్కు. ఒంటారియో సరస్సు పడమటి కొసన ఉన్న ఈ ఊళ్ళో 1910లో స్టెల్కో, 1912లో డొఫాస్కో పుట్టాయి. విశాఖపట్నం చూసినవాళ్ళకి ఉక్కు నగరం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాటకొస్తే ఉక్కుతో మన సంబంధం విశాఖ కర్మాగారం కన్నా చాలా పాతది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు.

ఇనుమును ఎరిగిన ప్రతి జాతికీ దాని తోబుట్టువు కూడా తెలుసు. అదే అయస్కాంతం. మన పూర్వులు దానికి "సూదంటురాయి" అని చక్కటి పేరు పెట్టారు. సూది అంటుకునే రాయి! అంటుకుంటుందని అందరికీ తెలుసు. ఎందుకు అంటుకుంటుందన్న ప్రశ్నకు మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా సరైన జవాబు లేదు. ఇప్పటికీ ఆ జవాబులో ఒక ముక్క తేలలేదు. ఆ ముక్కను తేల్చడానికి శాస్త్రవేత్తలు ఇనుమును పక్కన పెట్టి, గాలికన్నా పది లక్షల రెట్లు పల్చనైన వాయువును పట్టుకున్నారు. 2009లో "దొరికింది" అన్నారు. 2012లో "లేదు, దొరకలేదు" అన్నారు. రెండు మాటలూ అన్నది ఒకే ప్రయోగశాల. ఈ మూడేళ్ళలో ఏం జరిగింది? ఆ వాయువు ఎందుకు నిలబడలేదు? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ కథే.

ఈ కథకు మా ఊరితో చిన్న చుట్టరికం ఉంది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1930లో టొరాంటో నుంచి హామిల్టన్‌కు తరలి వచ్చింది. 1962లో అక్కడ ఆచార్యుడిగా చేరిన బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్, అంతకు ముందు చాక్ రివర్ అణు ప్రయోగశాలలో పనిచేస్తుండగా, పదార్థాల మీదకు న్యూట్రాన్లను వదిలి, అవి ఎలా చెదురుతున్నాయో చూసి లోపలి సంగతులు చెప్పే పద్ధతిని రూపొందించాడు. ఆ పద్ధతితో ఆయన 1957లో మాగ్నటైటు లోపలి అయస్కాంత తరంగాలను కొలిచాడు. మాగ్నటైటు అంటే మరేమిటో కాదు, మన సూదంటురాయే! ఆ కృషికి 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. మెక్‌మాస్టర్ మరో రెండు చోట్ల కూడా ఈ కథలోకి వస్తుంది.

స్టోనర్ లెక్క

ముందుగా మాటల సంగతి ఒకటి తేల్చుకుందాం. మన పాఠ్యపుస్తకాల్లో లాగే ఇక్కడ కూడా పరమాణువు అంటే ఒంటరిది. రెండు మూడు పరమాణువులు కలిసి కట్టుకున్న కాపురం పేరు అణువు. ఈ తేడా గుర్తుంటే మిగతా కథ సులువు.

ప్రకృతిలోని రేణువులు రెండు కులాలు. సత్యేంద్రనాథ్ బోసు 1924లో చేసిన లెక్కకు లోబడేవి బోసాన్లు. అవి ఎన్నయినా ఒకే స్థితిలో సర్దుకుంటాయి. ఎన్రికో ఫెర్మి 1926లో చెప్పిన లెక్కకు లోబడేవి ఫెర్మియాన్లు. ఇవి సర్దుకునే రకం కాదు. అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఫెర్మియాన్లు ఒకే స్థితిలో ఉండలేవని వుల్ఫ్‌గాంగ్ పౌలి 1925లో సూత్రీకరించాడు. మన సంప్రదాయంలోంచి పోలిక తెచ్చుకుంటే ఇది సగోత్రం లాంటిది. ఒకే గోత్రం వాళ్ళు జత కట్టకూడదు. ఎలక్ట్రానుకు స్పిన్ అనే గుణం ఉంటుంది. అది పైకో, కిందికో ఉంటుంది. పై స్పిన్ ఒక గోత్రం, కింది స్పిన్ మరో గోత్రం అనుకోండి. ఒకే గోత్రం ఎలక్ట్రాన్లు ఒకదాని దరికి మరొకటి రావు. వేరు గోత్రాలవి రావచ్చు.

ఇప్పుడు శక్తి మెట్లను ఊహించుకుందాం. ఒక్కో మెట్టు మీద ఇద్దరికి చోటు, గోత్రానికి ఒకరు చొప్పున. మామూలుగా రెండు గోత్రాలూ సమానంగా ఉండి కింది మెట్ల నుంచి నింపుకుంటూ వస్తాయి. పై స్పిన్లూ కింది స్పిన్లూ సరిసమానం కనక అయస్కాంతత్వం సున్న. కానీ ఈ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎదురెదురుగా వచ్చేవి వేరు గోత్రాలవే కనక ఈ నెట్టుకోవడం ఖర్చంతా వాటి మధ్యే పడుతుంది. అందరూ ఒకే గోత్రంలోకి మారిపోతే? ఎవరూ ఎవరి దరికీ రారు, నెట్టుకోవడం ఖర్చు తప్పుతుంది. కానీ మెట్టుకు ఒకరే నిలబడాలి కనక సగం మంది పైమెట్లు ఎక్కాలి. ఎక్కడానికి శక్తి కావాలి. ఏ ఖర్చు తక్కువ? నెట్టుకోవడం ఒక హద్దు దాటితే పైమెట్లు ఎక్కడమే చవక. అప్పుడు స్పిన్లన్నీ ఒకే వైపు తిరుగుతాయి. అదే అయస్కాంతం.

ఈ బేరసారాల లెక్కకు 1929లో ఫెలిక్స్ బ్లాక్ తొలి రూపం ఇచ్చాడు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ స్టోనర్ 1930లలో దాన్ని లోహాలకు వర్తింపజేసి నిలబెట్టాడు. అప్పటి నుంచి అది స్టోనర్ నమూనాగానే చలామణి అవుతోంది. పౌలి తన సూత్రానికి చేరుకోవడానికి దారి వేసిన వాటిలో స్టోనరే 1924లో రాసిన ఒక పత్రం కూడా ఉంది.

లెక్క అందంగానే ఉంది. కానీ ఇనుములో దాన్ని పరీక్షించడం ఎలా? ఇనుములో ఎలక్ట్రాన్లు ఒంటరిగా లేవు. చుట్టూ స్ఫటిక చట్రం ఉంది, దాని వల్ల వచ్చిన శక్తి పట్టీలు ఉన్నాయి, కలతలు ఉన్నాయి. ఇనుము అయస్కాంతం అవడానికి నెట్టుకోవడం ఒక్కటే చాలా, లేక చట్రం కూడా ఉండి తీరాలా? పప్పులో పులుపు చింతపండుదా, టమాటాదా అని వండిన తరవాత విడదీసినట్టే ఇది. చట్రం లేని, కల్తీ లేని, నెట్టుకునే ఫెర్మియాన్లు మాత్రమే ఉన్న పదార్థం కావాలి. అలాంటిది భూమి మీద సహజంగా లేదు. తయారు చేసుకోవాలి.

హైడ్రోజన్ నేర్పిన పాఠం

అలాంటి పల్చటి, అతిశీతల వాయువును నిలబెట్టే ప్రయత్నం మొదట హైడ్రోజన్‌తో జరిగింది. ఇక్కడే మెక్‌మాస్టర్ మళ్ళీ తగులుతుంది. వాంకూవర్లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో వాల్టర్ హార్డీ, జాన్ బెర్లిన్స్కీ బృందం 1979 నాటికే అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో హైడ్రోజన్ పరమాణువులను అయస్కాంత అనునాద పద్ధతితో పరిశీలించింది. బెర్లిన్స్కీ తరవాత మెక్‌మాస్టర్ ఆచార్యుడిగా హామిల్టన్ వచ్చాడు. 1980లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐజాక్ సిల్వెరా, జూక్ వాల్రావెన్ స్పిన్లన్నీ ఒకే వైపు తిప్పిన హైడ్రోజన్ వాయువును నిలబెట్టగలిగారు.

హైడ్రోజన్ పరమాణువులకు జత కట్టాలన్న ఆత్రం ఎంతో చెప్పాలంటే, రెండు కలిసినప్పుడు వెలువడే శక్తిని ఉష్ణోగ్రతగా లెక్కిస్తే సుమారు 52 వేల డిగ్రీలు. వాయువు ఉన్నదేమో ఒక డిగ్రీ కన్నా తక్కువలో! స్పిన్లను ఒకే వైపు తిప్పి ఉంచితే జత కట్టలేవు కదా అన్నది ఉపాయం. అయినా పరమాణువులు క్రమంగా మాయమవుతూనే వచ్చాయి. సాంద్రత పెరిగే కొద్దీ ఇంకా వేగంగా మాయమయ్యాయి. కారణం, మూడు పరమాణువులు ఒకేచోట తారసపడడం.

ఈ మూడో పరమాణువు సంగతే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. శూన్యంలో రెండు పరమాణువులు ఎదురైతే చాలు అణువు అయిపోతుందనుకుంటాం. కుదరదు. జత కట్టగానే శక్తి వెలువడుతుంది. ఆ శక్తిని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఇద్దరే ఉంటే శక్తి లెక్కా, ద్రవ్యవేగం లెక్కా ఒకేసారి సరిపోవు. మూడో మనిషి కావాలి. సంబంధం కుదిర్చి, తన వాటా పుచ్చుకుని, తన దారిన తను పోయే మనిషి. మనకు బాగా తెలిసిన మనిషే, పెళ్ళిళ్ళ పేరయ్య. పేరయ్య లేకపోతే పెళ్ళి లేదు. పేరయ్య వచ్చాడంటే కథ అంతటితో ఆగదు. వెలువడే శక్తి ఎక్కువైతే ఆ తాకిడికి దంపతులు ఒక వైపూ పేరయ్య మరో వైపూ ఎగిరిపోయి, ముగ్గురూ అయస్కాంతాలతో, లేజర్లతో కట్టిన బోను గోడలు దాటేస్తారు. ప్రయోగం చేసేవాడికి మిగిలేది మూడు పరమాణువుల లోటు. అతిశీతల వాయువుల శాస్త్రంలో రేణు నష్టం అనే మాటకు ముఖ్యమైన అర్థం ఇదే.

హైడ్రోజన్‌తో పడ్డ పాట్లన్నీ దారి చూపాయి గానీ, బోసాన్లన్నీ ఒకే స్థితిలోకి చేరడం మొదట కనిపించింది రుబీడియం, సోడియం వాయువుల్లో, 1995లో. ఆ విజయానికి ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్, వుల్ఫ్‌గాంగ్ కెటర్లీ 2001లో నోబెల్ అందుకున్నారు. హైడ్రోజన్ వంతు ఎం.ఐ.టి.లో 1998లో వచ్చింది.

ఫెర్మియాన్ల వంతు

అయస్కాంతం ప్రశ్నకు బోసాన్లు పనికిరావు, ఫెర్మియాన్లు కావాలి. కొలరాడోలోని బోల్డర్‌లో డెబొరా జిన్, ఆమె విద్యార్థి బ్రయన్ డిమార్కో 1999లో పొటాషియం-40 పరమాణువులను చల్లబరచి, ఫెర్మి లెక్క పూర్తిగా రాజ్యం చేసే స్థితికి తీసుకెళ్ళారు. సహజ పొటాషియంలో ఈ రకం పదివేలకు ఒక్కటి మాత్రమే. అసలు చిక్కు వేరే ఉంది. వాయువును చల్లబరచాలంటే పరమాణువులు ఢీకొంటూ వేడిని పంచుకోవాలి. సగోత్రీకులు ఒకరి దరికి ఒకరు రారు కనక ఢీకొనడమే ఉండదు! అందుకని ఆమె రెండు స్పిన్ స్థితుల పరమాణువులను కలిపి చల్లబరిచింది. జిన్ 2016లో, 47వ ఏట కన్నుమూసింది. ఈ రంగంలో ఆమె వేసిన బాటలోనే మిగతావారంతా నడిచారు.

ఇక్కడ ఎలక్ట్రాన్ల స్థానంలో పరమాణువులే వచ్చి కూర్చున్నాయి. వాటి మధ్య నెట్టుడును మనకు కావలసినంతగా పెంచుకునే వీలు కూడా ఉంది. బయటి అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ పోతే ఒకచోట పరమాణువుల పరస్పర ప్రభావం ఉన్నట్టుండి అనంతంగా పెరుగుతుంది. దీన్ని ఫెష్‌బాక్ అనునాదం అంటారు. ఎం.ఐ.టి. సైద్ధాంతికుడు హెర్మన్ ఫెష్‌బాక్ పేరది. లిథియం-6కు ఈ అనునాదం 832 గాస్‌ల దగ్గర వస్తుంది. దానికి ఒక వైపు పరమాణువులు ఆకర్షించుకుంటున్నట్టు కనిపిస్తాయి, మరో వైపు నెట్టుకుంటున్నట్టు.

"కనిపిస్తాయి" అనడంలోనే కిటుకంతా ఉంది. ఈ పరమాణువుల మధ్య మూలబలం నిజానికి ఆకర్షణే. అలాంటప్పుడు నెట్టుడు ఎక్కడి నుంచి వచ్చింది? కొద్ది దిగువన ఒక అణు స్థితి పొంచి ఉన్నప్పుడు, జత కట్టకుండా తిరుగుతున్న పరమాణువుల అలలు ఒకదాన్నుంచి మరొకటి ఎడంగా జరుగుతాయి. బయటినుంచి చూస్తే అది వికర్షణ. అంటే ఆ వికర్షణకు కారణమే పొంచి ఉన్న ఆ అణువు. వికర్షణను పెంచినకొద్దీ ఆ అణు స్థితి అంతకంతకూ దగ్గరికి వస్తుంది. అటక మీద బిందెను ఊహించుకోండి. ఎవరూ కదిలించకపోతే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. అయినా దాని అసలు చోటు నేలే. బలంగా నెట్టుకునే ఫెర్మి వాయువు అటక మీది బిందె. దాని స్థిరత్వం అరువు తెచ్చుకున్నది.

ఈ అరువు ఎన్నాళ్ళు చెల్లుతుందో చెప్పేది మళ్ళీ పేరయ్యే. మనకున్నవి రెండే గోత్రాలు. ఏ ముగ్గురు కలిసినా అందులో ఇద్దరు సగోత్రీకులు అయి తీరాలి. వాళ్ళిద్దరూ ఒకరి దరికి ఒకరు రారు కనక ముగ్గురూ ఒక్కచోట చేరడం అరుదు. అందుకే బోసాన్లతో పోలిస్తే ఫెర్మియాన్ల వాయువులో, నెట్టుడు తక్కువగా ఉన్నంతసేపు, నష్టం చాలా తక్కువ. కానీ నెట్టుడు పెరిగితే? నష్టం వేగం నెట్టుడు దూరపు ఆరో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని 2003లో డిమిత్రి పెట్రోవ్ లెక్కగట్టాడు. ఆ దూరం రెట్టింపయితే నష్టం 64 రెట్లు అన్నమాట. ఎం.ఐ.టి. బృందం 2002లోనూ, పారిస్‌లో క్రిస్టోఫ్ సాలమన్ బృందం 2003లోనూ లిథియంలో ఈ నష్టాన్ని కొలిచాయి. రెండు చోట్లా ఒక వింత కనిపించింది. నష్టం అత్యధికంగా ఉన్నది సరిగ్గా అనునాదం దగ్గర కాదు, నెట్టుడు వైపు కొంత ఎడంగా.

అనునాదం దగ్గర, ఆకర్షణ వైపు పరిస్థితి తలకిందులు. ఆకర్షణ అంత బలంగా ఉంటే వాయువు తనలోకి తాను కూలిపోవాలి కదా! బోసాన్లయితే అలాగే అవుతుంది. ఫెర్మియాన్లు మాత్రం సెకన్ల తరబడి నిక్షేపంగా ఉన్నాయి. నెట్టుకునే వాయువు నిలవదు, లాక్కునే వాయువు నిలుస్తుంది. మామూలు బుద్ధికి పూర్తిగా విరుద్ధం. కారణం మనం చూసినదే. లాక్కునే వైపు ఉన్న వాయువు అప్పటికే తన అసలు చోటులో, నేల మీద ఉంది. నెట్టుకునే వైపు ఉన్నది అటక మీద ఉంది.

అనునాదం దగ్గరి ఆ వాయువును అర్థం చేసుకునే ప్రయత్నాల్లో ఒకటి హామిల్టన్‌లో జరిగింది. మెక్‌మాస్టర్ ఆచార్యుడు రజత్ భాదురి, చెన్నై గణిత విజ్ఞాన సంస్థకు చెందిన ఎం.వి.ఎన్. మూర్తి, రూర్కీకి చెందిన ఎం.కె. శ్రీవాస్తవ 2007లో ఒక పత్రం ప్రచురించారు. అంత బలంగా ప్రభావితం చేసుకునే ఫెర్మియాన్లను, అసలు ప్రభావమే లేని, కాని పౌలి నియమాన్ని కొంత సడలించి పాటించే రేణువులుగా చూస్తే లెక్క ఎంతవరకు కుదురుతుందో వాళ్ళు పరిశీలించారు. అంటే, బలాన్ని గోత్ర నియమంలోకి మార్చేయడం. ఉక్కు ఊరికీ చెన్నైకీ మధ్య ఇలాంటి రాకపోకలు కూడా ఉన్నాయని మన పిల్లలకు చెప్పుకోవచ్చు.

2009: దొరికింది

ఇప్పుడు అసలు ఘట్టం. 2009 సెప్టెంబరులో "సైన్స్" పత్రికలో ఎం.ఐ.టి. బృందం ఒక పత్రం ప్రచురించింది. మొదటి రచయిత గ్యూ-బూంగ్ జో, బృందానికి పెద్ద కెటర్లీ. రచయితల్లో హామిల్టన్‌కు గంట ప్రయాణం దూరంలో ఉన్న టొరాంటో విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ థైవిసెన్ కూడా ఉన్నాడు. లిథియం-6 వాయువులో నెట్టుడును క్రమంగా పెంచుతూ వాళ్ళు మూడు విషయాలు కొలిచారు: పరమాణువులు ఎంత వేగంగా మాయమవుతున్నాయి, వాటి గతిశక్తి ఎంత, మబ్బులాంటి ఆ వాయువు పరిమాణం ఎంత.

మూడూ ఒకే కథ చెప్పాయి. నెట్టుడు పెరుగుతుంటే నష్టం పెరిగి పెరిగి, ఒకచోట శిఖరానికి చేరి, ఆ తరవాత తగ్గింది. గతిశక్తి తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరిగింది. పరిమాణం పెరిగి, ఆగింది. ఈ మలుపులు వచ్చింది నెట్టుడు దూరం పరమాణువుల మధ్య ఎడంతో పోల్చదగ్గ స్థాయికి చేరిన చోట, ఇంచుమించు స్టోనర్ లెక్క చూపే ప్రాంతంలోనే.

నష్టం ఎందుకు తగ్గుతుంది? స్టోనర్ ప్రకారం హద్దు దాటాక రెండు గోత్రాలూ విడిపోయి వేర్వేరు పేటలు కట్టుకుంటాయి. ఒక పేటలో అంతా సగోత్రీకులే. ఇక సంబంధాలు ఎక్కడ కుదురుతాయి? పేరయ్యకు పనిలేదు, పెళ్ళిళ్ళు లేవు, నష్టం లేదు. అంటే రేణు నష్టం తగ్గడమే అయస్కాంతానికి సాక్ష్యం! గతిశక్తి పెరగడం పైమెట్లు ఎక్కినందుకు సాక్ష్యం. మూడు సాక్ష్యాలూ ఒక్కమాట మీద ఉన్నాయి. చట్రం లేకుండా, పట్టీలు లేకుండా, నెట్టుడు ఒక్కటే అయస్కాంతాన్ని పుట్టించగలదని ఆ పత్రం తేల్చి చెప్పింది. డెబ్భై ఏళ్ళ నాటి నమూనాకు నిరూపణ దొరికినట్టే అనిపించింది.

ఒక్కటే లోటు. పేటలు కంటికి కనిపించలేదు. ఫొటోల్లో గోత్రాలు విడిపోయిన జాడ లేదు. పేటలు కెమెరాకు అందనంత చిన్నవి కావచ్చని వాళ్ళు సర్దిచెప్పుకున్నారు.

మా సాఫ్ట్‌వేరు వాళ్ళకు ఈ పరిస్థితి కొత్తది కాదు. సర్వరు నెమ్మదించింది, మెమొరీ పెరిగింది, లాగులో ఎర్రర్లు తగ్గాయి. ఈ మూడూ కలిసి ఒక కారణం వైపు వేలు చూపిస్తున్నా, ఆ మూడింటినీ అంతే చక్కగా పుట్టించగల మరో కారణం ఉందేమో చూడకుండా టికెట్టు మూసేయలేం. శాస్త్రవేత్తలు కూడా ఈ టికెట్టు మూయలేదు. అదే ఏడాది హుయి జాయ్ అనే సైద్ధాంతికుడు, పేటలు లేకుండానే, వేరు గోత్రాలవి ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగినా ఇవే మలుపులు రావచ్చని చూపించాడు. 2011లో హార్వర్డ్‌కు చెందిన యూజీన్ డెమ్లర్ బృందం ఇంకా గట్టి అనుమానం ముందుకు తెచ్చింది. నెట్టుడు బాగా పెరిగినప్పుడు జత కట్టడమే అయస్కాంతం కన్నా వేగంగా ముంచుకొస్తుందని వాళ్ళ లెక్క.

అదెలా? ఇక్కడ పేరయ్య పోలిక కొంచెం మార్చుకోవాలి. నెట్టుడు పెరిగే కొద్దీ, జత కట్టినప్పుడు వెలువడే శక్తి తగ్గుతుంది. అటక కిందికి దిగుతోంది అనుకోండి. అంత చిన్న శక్తిని పుచ్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక పేరయ్య అక్కర్లేదు. చుట్టూ ఉన్న పరమాణువుల గుంపే పేరయ్య అవుతుంది. జాతర జనంలో ఎవరు ఎవరిని కలిపారో తెలియనట్టు! అప్పుడు ముగ్గురి కలయికల లెక్కలన్నీ పనికిరాకుండా పోయి, అణువులు చకచకా పుట్టుకొస్తాయి.

2012: దొరకలేదు

మూడేళ్ళ తరవాత అదే కెటర్లీ బృందం, క్రిస్టియన్ సానర్ మొదటి రచయితగా, 2012లో మరో పత్రం ప్రచురించింది. ఈసారి నష్టం లాంటి పరోక్ష సాక్ష్యాలతో సరిపెట్టుకోలేదు. పేటలున్నాయా లేవా అన్నదే నేరుగా అడిగారు.

కెమెరాకు అందనంత చిన్న పేటలను ఎలా కనుక్కోవడం? ఒక ఊరిని వీధివీధికీ లెక్కపెడుతున్నామనుకోండి. రెండు గోత్రాలూ కలగలిసి ఉంటే ప్రతి వీధిలోనూ రెండింటి సంఖ్యా ఇంచుమించు సమానం. విడిపోయి ఉంటే ఒక వీధిలో ఇవి ఎక్కువ, ఇంకో వీధిలో అవి ఎక్కువ. వీధికీ వీధికీ మధ్య హెచ్చుతగ్గులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఇల్లిల్లూ చూడకుండానే హెచ్చుతగ్గులను బట్టి పేటలున్నాయో లేదో చెప్పేయవచ్చు. సానర్ బృందం వాయువులోంచి లేజరు కాంతిని పంపి, దాని గరుకుదనం నుంచి ఈ స్పిన్ హెచ్చుతగ్గులను కొలిచింది.

అయస్కాంతం పుడితే ఉండాల్సిన పెరుగుదల ఎక్కడా కనిపించలేదు. దానికి బదులు కనిపించినవి అణువులు, అవీ విపరీతమైన వేగంతో. ఆ వేగాన్ని వాళ్ళు వాయువు సొంత గడియారంలోనే చెప్పారు. పరమాణువుల శక్తిని బట్టి నిర్ణయమయ్యే సహజ కాలప్రమాణానికి పది రెట్లలోనే జతలు కట్టేస్తున్నాయి. ఫెర్మి ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో పది లక్షలవ వంతు ఉన్న లిథియం వాయువుకు ఇది పదుల మైక్రోసెకన్ల లెక్క. అంటే వాయువుకు సర్దుకుని, పేటలు కట్టుకుని, అయస్కాంతం అయ్యే తీరికే లేదు. సంబంధాల వెతుకులాట మొదలయ్యే లోపే పెళ్ళిళ్ళు అయిపోయాయి.

అలా చూస్తే 2009 నాటి మలుపులకు కూడా అర్థం మారిపోతుంది. ఆ కొలతల మీద అయస్కాంతం నీడ పడిందని అనుకున్నారు. ఆ నీడ పడింది అణువులది. కొలతలు తప్పు కాదు, వాటి నుంచి చెప్పిన తీర్పు నిలవలేదు. అతి తక్కువ దూరంలో బలంగా నెట్టుకునే ఫెర్మి వాయువు అయస్కాంతంగా మారదని తమ పని సూచిస్తోందని కొత్త పత్రం సూటిగానే చెప్పింది.

మన బడుల్లో సైన్సును గెలిచినవాళ్ళ జాబితాలా నేర్పుతారు. ఫలానావాడు ఫలానా ఏడు కనుక్కున్నాడు, అంతే. ఇక్కడ జరిగింది వేరు. నోబెల్ అందుకున్న ఒక శాస్త్రవేత్త, ప్రపంచమంతా చదివిన తన ఫలితం మీదకు తానే మెరుగైన కొలబద్ద పట్టుకుని తిరిగి వెళ్ళాడు. వేరే ఎవరో వచ్చి కూల్చేదాకా ఆగలేదు. 2009 పత్రం చదివినవాళ్ళలో 2012 పత్రం చదవనివాళ్ళు చాలామంది ఉంటారు. సంచలనానికి ఉన్నంత ప్రచారం సవరణకు ఉండదు. కనక సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ రెండు పత్రాలనూ పక్కపక్కనే పెట్టి చూపిస్తే మంచిదని నా మనవి.

ఆ తరవాత

కథ "దొరకలేదు" దగ్గర ఆగిపోలేదు. అటక మీద బిందె కాసేపే ఉంటుందని తెలిశాక, ఆ కాసేపట్లో ఏం చూడగలమా అని ఆలోచించినవాళ్ళు ఇటలీలో ఉన్నారు. ఫ్లోరెన్స్‌లో జకోమో రోఆటీ బృందం 2017లో ఎదురు దారి పట్టింది. పేటలు వాటంతట అవి కట్టుకునేదాకా ఎదురుచూడకుండా, మొదట తామే రెండు గోత్రాలను వేరు చేసి, మధ్యన పల్చటి కాంతి గోడ కట్టారు. తరవాత గోడ తీసేశారు. నెట్టుడు తక్కువగా ఉంటే రెండూ కలిసిపోయాయి. నెట్టుడు ఒక హద్దు దాటితే కొంతసేపు కలవలేదు. నూనే నీళ్ళూ లాగా ఎవరి వైపు వాళ్ళు నిలబడ్డారు. జత కట్టడం మొదలై అటక కూలేదాకానే ఆ ఎడబాటు. అయినా ఆ కాసేపట్లో స్టోనర్ చెప్పిన ధోరణి కనిపించిందని వాళ్ళ వాదన.

2018లో అదే ఊళ్ళో మరో ప్రయోగం జరిగింది. వాయువును ఉన్నట్టుండి బలమైన నెట్టుడులోకి తోసి, ఏ క్షణాన ఏం జరుగుతోందో వరసగా చూశారు. హద్దు దగ్గర, మొదటి క్షణాల్లో వేరు గోత్రాలు ఒకదాన్నొకటి తప్పించుకోవడమే ముందు ఉంది, జత కట్టడం వెనకబడింది. కొంతసేపయ్యాక రెండూ కలిసి ఉన్నాయి. జతలు కట్టినవీ, కట్టనివీ కలగలిసిన, అంతకు ముందు ఎవరూ ఊహించని స్థితి అది.

కనక స్టోనర్ ప్రశ్నకు ఇప్పటికి ఉన్న జవాబు ఇది. నెట్టుడు ఒక్కటే అయస్కాంతం వైపు లాగుతుంది, కానీ ఈ వాయువుల్లో ఆ నెట్టుడు అరువు సొమ్ము కావడం వల్ల, అయస్కాంతం స్థిరపడేలోపే అప్పులవాడు తలుపు తడతాడు. ఇనుములో ఆ బెడద లేదు. అక్కడ ఎలక్ట్రాన్ల మధ్య నెట్టుడు విద్యుదావేశం వల్ల వచ్చిన సొంత ఆస్తి. దిగువన పొంచి ఉన్న అణువు ఏదీ లేదు, సంబంధం చూసిపెట్టే పేరయ్యా లేడు. పైగా చట్రం దన్ను ఉంది. హామిల్టన్ కొలిమిలో పోసిన ఉక్కుకు సూదంటురాయి అంటుకుపోవడానికి మైక్రోసెకన్ల తొందర లేదు. ఆ తొందర లేని నెట్టుడును వాయువులో ఎలా తయారు చెయ్యాలా అన్నదే ఇప్పుడు ప్రయోగశాలల ముందున్న పని.